ప్రతిపాదకుడి సంతకం

2019 జనవరి పంచాయతీ ఎన్నికలకు నన్ను నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారిగా వేశారు. అప్పుడు నేను ఆదిలాబాద్ జిల్లాలో మండల వ్యవసాయాధికారిని. కుటుంబం కరీంనగర్‌లో ఉండేది. పంచాయతీ ఎన్నికలు నడిపేది వేర్వేరు శాఖల ఉద్యోగులే. విత్తనాలు, ఎరువులు చూసుకునేవాడి చేతికి ఒక నియమాల పుస్తకం, ఒక సీలు ఇచ్చి, మూడు రోజులు ఈ ఊరికి చట్టం నువ్వే అంటారు. రూలు అంటే నాకు మొదటి నుంచీ కొంచెం పిచ్చి. మా ఆవిడ దాన్ని జబ్బు అంటుంది.

నాకు పడిన ఊరు బోథ్ దాటి ఇంకా లోపలికి. పేరు రాయను. సర్పంచి పదవి మహిళకు రిజర్వయింది. ఊరు చూడగానే నచ్చింది. సిమెంటు రోడ్లు, మంచినీళ్ల ప్లాంటు, మూలమలుపుల్లో కెమెరాలు, స్తంభాలకు మైకులు. వీటిలో చాలా వరకు పంచాయతీ చేసినవి కావు, గ్రామాభివృద్ధి కమిటీ చేసినవి. మా ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఈ కమిటీలు మామూలే. కులానికి ఒకరు చొప్పున పెద్దమనుషులు కూర్చుంటారు. వాళ్లను ఎవరూ ఓటు వేసి ఎన్నుకోరు. తగాదా వస్తే మాత్రం ఠాణా కన్నా ముందు వాళ్ల దగ్గరికే పోవాలి.

మొదటి రోజు పదిన్నరకు పంచాయతీ ఆఫీసులో కుర్చీ వేసుకున్నానో లేదో, అభ్యర్థులందరూ ఒకే ట్రాక్టరు దిగి వచ్చారు. సర్పంచికి ఒకరు, ఒక్కో వార్డుకు ఒకరు. ఫారాలన్నీ ఒకే చేతిరాత. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. కమిటీ పెద్ద నాకు ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"ఓట్లు పెడితె ఊరు రెండయితది సార్. మా ఊర్ల కొట్లాట లేదు, కేసు లేదు. అందరం కూసోని ఒక్క మాట అనుకున్నం. మీరు గూడ ఫికర్ లేకుంట పోవచ్చు."

అబద్ధమెందుకు, నాకు ఆ మాట బాగానే అనిపించింది. పోటీ లేకుండా ఏకగ్రీవమైతే ఊరికి ప్రభుత్వ నజరానా వస్తుంది, ఉద్యోగులకు పోలింగ్ బాధ తప్పుతుంది.

ఆ మధ్యాహ్నం నలభై ఏళ్ల స్త్రీ ఒకామె వచ్చి ఖాళీ ఫారం అడిగింది. ఆమె గడప తొక్కగానే వరండా బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. రేడియో కట్టేసినట్టు ఆగాయి. ఆమె బయటికి నడుస్తుంటే మనుషులు పక్కకు జరిగి దారి ఇచ్చారు, కానీ ఒక్కరి కన్నూ ఆమె వైపు తిరగలేదు. ఆమె గేటు దాటాక, ఆగిన మాట ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలైంది.

ఆమె ఎవరని కారోబారును అడిగాను. కారోబారంటే పంచాయతీ గుమస్తా, ఊళ్లో ప్రతి ఇల్లూ తెలిసినవాడు.

"ఎవలు సార్?" అన్నాడు.

ఇప్పుడే ఫారం తీసుకుని వెళ్లిందే అన్నాను. ఖాళీ గుమ్మం వైపు మర్యాదగా చూసి, "ఎవలు రాలే సార్" అన్నాడు. వేళాకోళమేమోనని అతని మొహం చూశాను. నవ్వు జాడ లేదు.

రెండో రోజు ఆమే వచ్చి సంగతి చెప్పింది. పేరు గంగామణి. రెండెకరాల పత్తి చేను, భర్త దుబాయిలో, పిల్లలు చిన్నవాళ్లు. చేనుకు పోయే బాట దగ్గర తగాదా వస్తే కమిటీని కాదని ఠాణాకు పోయింది. అదే తప్పు. ఆరు నెలలుగా ఊళ్లో ఆమెతో మాట బంద్. దుకాణంలో సరుకు ఇవ్వరు, కూలికి ఎవరూ రారు. ఎవరైనా పలకరిస్తే వాళ్లకూ అదే శిక్ష.

"తిట్టినా మంచిగుండు సార్. గెలుస్తనని గాదు. పోటీల ఉంటె నాకో గుర్తు ఇస్తరు గద. ఓటేసే కాడ ఎవలది వాళ్లకే ఎరుక. గప్పుడన్న నా గుర్తు దిక్కు సూడాలె గద" అంది.

పావుగంట కూర్చోబెట్టి ఫారం వివరించాను. అందులో ప్రతిపాదకుడి గడి ఒకటి ఉంటుంది. ఈమెను నిలబెడుతున్నానని అదే ఊరి ఓటరు ఒకరు అక్కడ సంతకం చేయాలి. ఒక్కరు చాలు. భర్తకు చిన్నాన్న వరసయ్యే పోశెట్టి చేలో చాటుగా మాటిచ్చాడని, రేపు తీసుకొస్తానని చెప్పి వెళ్లింది.

ఆమె వెళ్లాక కారోబారును రిజిస్టరు అడిగాను. తెచ్చి బల్ల మీద పెట్టాడు. నోరు విప్పలేదు, నా వైపు చూడలేదు. హోటలుకు పోయి చాయ్ అడిగితే హోటలతను గ్లాసులు కడుగుతూనే ఉన్నాడు. రెండోసారి గట్టిగా అడిగాను. నా పక్కన నిలబడ్డవాడికి చాయ్ అందించి, నా మీదుగా రోడ్డు చూశాడు. ఎవరి మొహంలోనూ కోపం లేదు. నేను అక్కడ లేను, అంతే. బయటికొచ్చి నా చేతులు నేనే ఒకసారి చూసుకున్నాను. ఒక్క పూటకే నాకు భయమేసింది. ఆమెకు ఆరు నెలలు.

మూడో రోజు సాయంత్రం ఐదింటికి గడువు. నాలుగున్నరకు గంగామణి నింపిన ఫారంతో వచ్చింది. ప్రతిపాదకుడి గడి ఒక్కటే ఖాళీ. ఆవరణలో యాభై మంది దాకా నేల మీద కూర్చున్నారు. దగ్గు కూడా వినిపించడం లేదు. కమిటీ పెద్ద చేతిలో ఫోన్ ఉంది. కాసేపటికి డెబ్బై ఏళ్ల పోశెట్టి గేటులో కనిపించాడు. గేటు నుంచి నా బల్లకు ఇరవై అడుగులుంటుంది. రెండడుగులు లోపలికి వేశాడు.

అప్పుడు స్తంభం మీది మైకు మోగింది. ఎవరి మీద మాట బంద్ పెట్టినా ఊరికి చాటేది ఆ మైకులోనే. కానీ ఎవరూ ఏమీ మాట్లాడలేదు. గుయ్‌మనే మోత ఒక్కటే ఊరంతా పరుచుకుంది. దాని వెనుక రాబోయేది తన పేరేనని ముసలాయనకు తెలుసు. తల పైకెత్తి కాసేపు విన్నాడు. కండువాతో మొహం తుడుచుకుని వెనక్కి తిరిగిపోయాడు. మైకు ఆగింది.

గంగామణి నన్ను అడిగింది. "నువ్వు పెట్టరాదు సార్, గా సంతకం?"

నా ఓటు ఇక్కడ లేదమ్మా, కరీంనగర్‌లో ఉందన్నాను.

"గక్కడ నా అసుంటిది నిలబడితె పెడ్తువా?"

గడియారం చూశాను. ఐదుకు ఐదు నిమిషాలు తక్కువ. ప్రతిపాదకుడు లేని నామినేషన్ రేపు పరిశీలనలో ఎలాగూ చెల్లదు, ఇచ్చి ఏం లాభమని చెప్పి ఫారం ఆమె చేతికే తిరిగిచ్చాను. అవమానం తప్పించానని కూడా అనుకున్నాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయింది.

తర్వాత అంతా సాఫీగా జరిగింది. ఏకగ్రీవమని ప్రకటించి ధ్రువపత్రం ఇచ్చాను. నివేదికలో తిరస్కరించిన నామినేషన్లు అన్నచోట 'లేవు' అని రాశాను. ప్రశాంతంగా నిర్వహించినందుకు మెచ్చుకుంటూ పైనుంచి ఉత్తరం వచ్చింది. ఏడాది తిరగకుండానే గంగామణి చేను కౌలుకిచ్చి పిల్లలతో ఊరు విడిచిందని బోథ్‌లో ఒక విత్తనాల వ్యాపారి చెప్పాడు.

దొరల కాలంలో ఎవరికి భయపడాలో, ఎవరిని తిట్టుకోవాలో తెలిసేదని మా అబ్బాజాన్ చెప్పేవారు. ఆ ఊళ్లో దొర లేడు, దొర కోటలాంటి గడీ లేదు. ఒకరికి ఒకరు కాపలా ఉన్నారు, పైగా నీళ్లూ రోడ్లూ బాగున్నాయి. ఓటు రహస్యమే. కానీ ఆ రహస్యం దాకా పోవాలంటే ముందు ఒక్క మనిషి అందరూ చూస్తుండగా సంతకం చేయాలి. ప్రజాస్వామ్యం ఆగిపోయేది అక్కడేనని నాకు ఆ రోజు తెలిసింది.

నా తప్పు వేరే ఉంది. లోపమున్న నామినేషన్‌నైనా తీసుకోవాలి, నంబరు వేయాలి, పరిశీలనలో తిరస్కరిస్తే కారణం రాయాలి. అది నియమం. పాటించి ఉంటే, 'గంగామణి, ప్రతిపాదకుడు లేనందున తిరస్కరణ' అని ప్రభుత్వ దస్త్రంలో ఒక వరస ఉండేది. ఊరు ఆమెను చూడనట్టు నటించింది. కాగితం మీద ఆమె లేకుండా చేసింది నేను.