రేవుకు కొట్టుకొచ్చిన తెడ్డు

ఆమెను ప్రెస్సులో అందరూ వత్తులమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది ఫోర్‌మన్. ఆమె కూర్చిన మొదటి పేజీలో ఒక్క వత్తు కూడా జారిపోకపోవడం చూసి, వత్తులన్నీ ఈ అమ్మాయి మాట వింటున్నాయే అన్నాడట. వారం తిరిగేసరికి అసలు పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు.

ఆ రోజుల్లో పుస్తకం అంటే సీసపు అక్షరాలే. గళ్లగళ్ల చెక్కపెట్టె ముందు నిలబడి, ఎడమచేతిలో గాడిలాంటి ఇనుప స్టిక్కు పట్టుకుని, కుడిచేత్తో ఒక్కో అక్షరం ఏరి అందులో పేర్చాలి. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ఆరు నెలలయ్యేసరికి వత్తులమ్మకు తిన్నటి అక్షరాలకన్నా తిరగబడ్డవే సులువైపోయాయి. ఇంట్లో పేపరు చదువుతూ తడబడుతుంటే వాళ్ల అన్నయ్య, అద్దం తెచ్చివ్వనా అని ఏడిపించేవాడు.

ఆ ప్రెస్సులో అచ్చయ్యే పుస్తకాల్లో జనం ఎగబడి కొనేది ఒక్కటే, ‘రేవుల దేశం’. అది ఒక్క పుస్తకం కాదు, భాగాలు భాగాలుగా సాగే సాహసకథ. ఆ దేశంలో నది ఆరు నెలలు కిందికి పారుతుంది, ఆరు నెలలు పైకి పారుతుంది. వానొస్తేనే కనిపించే ఊళ్లుంటాయి. నీడలు అమ్ముకునే సంత ఒకటుంటుంది. ఆ నది మీద పడవ నడిపేవాడు కథానాయకుడు. అతనికి పేరు లేదు, అందరూ పడవవాడు అంటారు.

రాసిన పెద్దమనిషి ఎక్కడో దూరాన ఉండేవాడు. ఆయన కథ ఎంత బాగుండేదో దస్తూరి అంత ఘోరంగా ఉండేది, కోళ్లు కెలికినట్టు. ఫోర్‌మన్ కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూసి, కాగితాలు పక్కన పడేసేవాడు. వత్తులమ్మకు మాత్రం ఆ రాత ఎందుకో ఇట్టే పట్టుబడింది. నాలుగో భాగం నుంచి ఆ కాగితాలన్నీ నేరుగా ఆమె బల్ల మీదికే వచ్చేవి. అంటే లోకంలో అందరికన్నా ముందు ఆ కథ చదివేది ఆమే. అదీ తిరగేసి, ఒక్కో అక్షరం చేత్తో తడిమి.

పడవవాడంటే ఆమెకు ఇష్టం అంటే సరిపోదు. అతను పడవెక్కినవాళ్లను ఎవరు, ఎక్కడివాళ్లు అని అడగడు. ఏ రేవు అని మాత్రమే అడుగుతాడు. నీడ అమ్ముకున్న రాజును దాటిస్తాడు, ఆ రాజును చంపడానికి వెళ్లేవాణ్ణీ దాటిస్తాడు. పాట పాడితే కొంగలు లేచిపోతాయని తనమీద తనే నవ్వుకుంటాడు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు జీతమెంత, వంటొచ్చా, ఈ సీసం పని మానేస్తావా అని అడుగుతుంటే, వత్తులమ్మ తలొంచుకుని, ఏ రేవు అని అడిగేవాడు ఒక్కడు రాడేం అనుకునేది. వచ్చిన సంబంధాలు వచ్చినట్టే పోయాయి.

ఆమె ఇరవై నాలుగో ఏట ఏడో భాగం వచ్చింది. చివరి కాగితాలు కూరుస్తోంది. పడవవాడు తుఫానులో నదికి అడ్డం పడి, ఒక ఊరినంతా అవతలికి చేర్చాడు. ఆఖరి విడతకు తిరిగి వెళ్లాడు, ఇక రాలేదు. ఆ తర్వాతి వాక్యం ఇలా ఉంది: ‘మూడో రోజు పొద్దున పడవవాడి శవం రేవుకు కొట్టుకొచ్చింది.’

ఆమె చెయ్యి గళ్ల మీదే ఆగిపోయింది. వెళ్లి మంచినీళ్లు తాగొచ్చింది. కాగితం మళ్లీ చూసింది. ఆ రాతను తప్పు చదవడం ఆమెకు చేతకాదు, అది శవమే. పేర్చింది. మూడు ముక్కలు, శ, వ, సున్నా. స్టిక్కులో అవి తిరగబడి ఆమెకేసి చూస్తున్నాయి. ఆ మూడూ తీసేసింది. తె పెట్టింది, డు పెట్టింది, కింద వత్తు తగిలించింది. మూడు తీసి మూడు పెట్టింది, వరస వెంట్రుకంతైనా కదల్లేదు. పడవవాడి తెడ్డు రేవుకు కొట్టుకొచ్చింది.

తప్పులు దిద్దేటప్పుడు ఒకరు అసలు కాగితం పైకి చదవాలి, ప్రూఫుల మాస్టారు అచ్చుకాగితంతో సరిచూసుకోవాలి. ఆ దస్తూరి చదవగలిగేది ఆమె ఒక్కతే కనుక చదివేదీ ఆమే. ఆ వాక్యం దగ్గర తెడ్డు అనే చదివింది.

మాస్టారు కళ్లజోడు తీశాడు. "అయితే వాడు పోయినట్టా, ఉన్నట్టా?"

"తెలీదు మాస్టారూ. ఇక్కడ అంతే ఉంది."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, సరే, రాసినాయన ఇష్టం అని పేజీ తిప్పాడు. పుస్తకం అచ్చయింది. అచ్చయ్యాక ఆ పేజీ అక్షరాలు విడదీసి గళ్లలో వేసింది కూడా ఆమే. తె, డు, వత్తు, దేని ఇంటికి అది చేరుకున్నాయి.

ఎనిమిదో భాగం ఆ ప్రెస్సుకు రాలేదు. ప్రచురించేవాళ్లు కొత్త యంత్రాలున్న చోటికి వెళ్లిపోయారని ఫోర్‌మన్ చెప్పాడు. వత్తులమ్మ నమ్మలేదు. తన పని బయటపడిందని, పెద్దమనిషికి ఒళ్లుమండి కాగితాలు వెనక్కి తీసుకున్నాడని ఆమె మనసులో గట్టిగా నాటుకుపోయింది. ఎవరితో అనుకోగలదు? రెండేళ్లకు ప్రెస్సే మూతపడింది. ఎలాంటి రాతైనా చదువుతుందని చెప్పి ఫోర్‌మనే ఆమెను మందుల షాపులో పెట్టించాడు. ఆ షాపులో ఆమె ముప్పై ఒక్క ఏళ్లుగా పనిచేస్తోంది. డాక్టర్ల చీటీలు ఆమెకు మంచినీళ్లప్రాయం. ఒకసారి ఒక డాక్టరుగారు తను రాసింది తనకే అర్థంకాక ఆమెకు ఫోన్ చేశాడని ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

షాపుకు నాలుగు గుమ్మాల అవతల పుస్తకాల కొట్టు ఉండేది. ఏడాదికో రెండేళ్లకో రేవుల దేశం కొత్త భాగం అద్దాల వెనక కనిపించేది. అట్ట మీద ఎవరెవరో కొత్తవాళ్లు. వత్తులమ్మ రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడిచేది. అందులో మొదటి పేజీలోనే పడవవాడు చచ్చిపోయాడని రాసి ఉంటుందని ఆమె భయం. తను చదవనంతకాలం అతను పోలేదు.

చిత్రమేమిటంటే అవే పుస్తకాలు ఆమె ఇంట్లోనే ఉండేవి. అన్నయ్య భార్య బడిపంతులమ్మ, బడి లైబ్రరీకి కొత్త భాగం వస్తే ముందు ఈవిడ చేతికే వచ్చేది. చదువుతూ నవ్వేది, ముక్కు చీదేది, కనపడ్డవాళ్లకల్లా కథ చెప్పబోయేది. వత్తులమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. సీసం మోసీ మోసీ అక్షరమంటేనే మొహం మొత్తిందిలే, పాపం, అని వదిన సరిపెట్టుకుంది.

మొన్నటికి మొన్న వదిన కంటికి ఆపరేషన్ అయింది. నెల్లాళ్లు పుస్తకం ముట్టొద్దన్నారు. సరిగ్గా అప్పుడే ఇరవైమూడో భాగం వచ్చి పడింది. వదిన రెండు రోజులు ఓర్చుకుని, షాపు సెలవు రోజు మధ్యాహ్నం ఆడబడుచును పిలిచి పుస్తకం చేతిలో పెట్టింది. వత్తులమ్మ తలనొప్పి అంది. బట్టలు ఆరేయాలంది. వదిన పట్టీ కట్టిన కన్ను అటు తిప్పుకుని, ముప్పై ఏళ్లలో నిన్ను నేనేమైనా అడిగానా అంది. ఆ మాటకు వత్తులమ్మ కిటికీ పక్కన కూలబడి పుస్తకం తెరిచింది.

‘వంటావిడ తెడ్డు భుజం మార్చుకుని కొండ ఎక్కసాగింది.’

"గరిటె, తెడ్డు పట్టుకుని కొండెక్కడమేంటి వదినా, ఈవిడకు వేరే పని లేదా?"

వదిన పగలబడి నవ్వింది. "వంట తెడ్డు కాదే. పడవ తెడ్డు. పడవవాడిది."

వదినకు ఇంతకాలానికి వినే మనిషి దొరికింది, ఆగకుండా చెప్పుకుపోయింది. ఏడో భాగం చివర తెడ్డు రేవుకు కొట్టుకొచ్చింది కదా, ఎనిమిదో భాగంలో రేవులో దీపాలు పెట్టే పిల్ల దాన్ని తీసుకుని బయల్దేరింది. నాలుగు భాగాలు కథ ఆ పిల్లది. ఆ పిల్ల చేతినుంచి చూపులేకుండానే దారి పటాలు గీసే పటాలవాడికి, అతని నుంచి దొంగతనాలు చేసే కవలలకు, వాళ్లనుంచి ఇదిగో ఈ వంటావిడకు. తెడ్డు ఎవరి చేతికొస్తే కథ వాళ్లది.

"ఎందుకు మోస్తున్నారు అందరూ దాన్ని?"

"వాడికిచ్చెయ్యడానికి. వాడు బతికే ఉన్నాడుగా."

"అని రాశారా?"

"రాయలేదు. శవం దొరకలేదుగా మరి. తెడ్డే కదా దొరికింది."

వత్తులమ్మ పుస్తకం బోర్లించి, పెరట్లోకి వెళ్లి, నీళ్ల తొట్టి పక్కన చాలాసేపు నిలబడింది. వచ్చేది ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు.

ఆ తర్వాత నాలుగు నెలల్లో ఎనిమిది నుంచి మొదలుపెట్టి పదహారు భాగాలూ చదివింది. మొదట్లో కొత్తవాళ్లెవరూ ఆమెకు నచ్చలేదు. అతను కూర్చునే చోట ఈ పిల్ల కూర్చుందేమిటి, అతని మాటలు ఈ పటాలవాడు మాట్లాడతాడేమిటి అని లోపల లోపల సణుక్కుంది. పడవ అన్న మాట కనపడితే చాలు, నాలుగు పేజీలు దాటేసి అక్కడికి దూకేది. అతను ఉండేవాడు కాదు. అతను దాటించినవాళ్లు ఉండేవారు, అతని పాట ఎంత ఘోరంగా ఉండేదో చెప్పుకునేవారు. పోనుపోను దూకడం మానేసింది. దీపాల పిల్ల ముసలిదై తెడ్డు అప్పగించి రేవు మెట్ల మీద కూర్చుండిపోయిన చోట పుస్తకం మూసి, ఈ పిల్ల చిన్నప్పుడు నేనెక్కడున్నాను అనుకుంది. నాలుగు గుమ్మాల అవతలే ఉంది. రోడ్డుకు అటుపక్క నడుస్తూ ఉంది. ఆ ఏళ్లన్నీ ఎవరు తెచ్చిస్తారు? వంటావిడకు యాభై ఏడేళ్లు, మోకాళ్ల నొప్పులు, నోరు మంచిది కాదు. ఆమెతో మాత్రం వత్తులమ్మకు మొదటిరోజే చుట్టరికం కలిసింది.

పదహారూ అయ్యాక ఒక సాయంత్రం వదిన దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. వదిన, "అంటే ముప్పై ఏళ్లు వాడికోసం నన్ను ఎదురుచూసేలా చేసింది, పక్కగదిలో పడుకునే నువ్వన్నమాట" అంది. ఆ వెంటనే, "మీ అన్నయ్య కాళ్లరిగేలా తిరిగి తెచ్చిన సంబంధాలన్నీ చెడగొట్టింది కూడా వాడేనా?" అంది. వత్తులమ్మ తలూపింది. వదిన ఆమె చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, "ఆ కథ రాసినాయనకు ఉత్తరం రాయి" అంది.

రాసింది. తప్పు తనదేనని, మూడు అక్షరాలు తీసి మూడు పెట్టానని, క్షమించమని రాసింది. మీ కాగితాలు మా దగ్గరికి రాకుండా పోయింది అందుకేనా అని చివర ఒక్క మాట అడిగింది.

ఐదు వారాలకు జవాబొచ్చింది. వయసు మీద పడి ఆ దస్తూరి ఇంకా పాడైంది. అన్నయ్య చూసి పెదవి విరిచాడు, వదిన బాగైన కన్ను కూడా దాని ముందు ఓడిపోయింది. వత్తులమ్మ నిలబడే పైకి చదివింది.

‘పుస్తకం చేతికొచ్చిన రోజే చూశాను. ఒక రోజంతా మండిపడ్డాను. రెండోరోజు ఆ తెడ్డును మళ్లీ నీళ్లలోకి తోసెయ్యడానికి నాకు చేతులు రాలేదు. కథ అక్కడితో ముగిద్దామనుకున్నవాణ్ణి, ఇన్నాళ్లు రాశాను. ప్రెస్సు మార్చింది ప్రచురణకర్తలు, నన్ను అడగలేదు. కొత్తచోట నా రాత ఎవరికీ అర్థంకాక ఎనిమిదో భాగం రెండుసార్లు తిరగరాశాను. పాత ప్రెస్సులో నా పేజీలు కూర్చిన మనిషి ఏమయ్యారని ఎన్నోసార్లు అడిగాను. ఎవరూ చెప్పలేదు. పడవవాడు ఎక్కడున్నాడో నాకూ తెలియదమ్మా. మీకు తెలిస్తే చెప్పండి. ఆఖరి భాగం రాస్తున్నాను.’

ఎన్నోసార్లు అడిగాను అన్న వాక్యం వదిన మళ్లీ చదివించుకుంది. జవాబు రాయడానికి వత్తులమ్మ వారం రోజులు కూర్చుంది. పడవవాడు ఎక్కడున్నాడో నిజంగా ఆమెకు తెలియదు. ఇరవై నాలుగేళ్ల వయసులో అతన్ని చావనివ్వకూడదని మాత్రమే తెలుసు. అదే రాసి పంపింది.

ఆఖరిదైన ఇరవైనాలుగో భాగం వానాకాలం చివర్లో వచ్చింది. వదిన కళ్లు ఇప్పుడు శుభ్రంగా కనిపిస్తున్నాయి. అయినా పుస్తకం తెచ్చి ఆడబడుచు ఒళ్లోనే పెట్టింది. రోజూ షాపు నుంచి వచ్చాక టీ తాగి, దీపాలవేళ దాకా ఇద్దరూ కిటికీ పక్కన కూర్చునేవారు. వంటావిడ నది పుట్టిన చోటికి చేరింది. అక్కడ నది చెంబుడు నీళ్లంత ఉంది, పడవకు చోటే లేదు. ఆమె తెడ్డు పక్కన పెట్టి, కాళ్లు చాపుకుని, రాయి మీద కూర్చుంది.

వత్తులమ్మ ఆగింది.

"వచ్చాడా?" అంది వదిన.

"రాలేదు వదినా."

"ఇంకా ఎన్ని పేజీలున్నాయి?"

వత్తులమ్మ వేలితో లెక్కపెట్టింది. "పదకొండు."

"చదువు మరి. మెల్లగా చదువు."