మొద్దు హీరో గొంతు

ఆయన గొంతును ఆయనకు చెప్పకుండానే తీసేశారు. ఆ ప్రేమకథా చిత్రంలో కథానాయకుడు ఆయనే. పెదవులు ఆయనవి, మాటలు మరొకరివి. "కాస్త బొంగురుగా ఉంది" అన్నది చిత్ర సంస్థ చూపిన ఏకైక కారణం.

ఫలితం విడుదలైన రోజే తేలింది. బస్సెక్కబోతున్న ప్రియురాలికి పెట్టె అందిస్తూ తెరమీద ఆయన గుటక మింగారు. ఇంకా పెదవి కదపనేలేదు, ఆ అరువు గొంతు తేనె పోసినట్టు "క్షేమంగా వెళ్లిరా" అనేసింది. హాలు గొల్లుమంది. పత్రికలు ఆయన్ను మొద్దు అన్నాయి. మరో వేషం రాలేదు గానీ, ఆ పేరు మాత్రం జిగురులా పట్టుకుంది.

బతుకుతెరువుకు డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టారు. నేర్చుకునేవాళ్లు కారును నేరుగా లారీ మీదికి తోలినా, తన కాలికింది బ్రేకు మెల్లగా నొక్కి, "బాగుందమ్మా, ఈసారి రోడ్డుకు మన వైపే నడుపుదాం" అనేవారు. లోపల పై ప్రాణాలు పైనే పోతున్నా ముఖం చెక్కుచెదిరేది కాదు. నటన ఆయన్ను వదిలిందని ఎవరన్నారు?

మొన్న ఆ చిత్రాన్ని మళ్లీ ఆడిస్తున్నారని తెలిసి మరదలు టిక్కెట్లు కొనేసింది.

"పద బావా, నిన్ను చూసి నవ్వుకుని చాలా కాలమైంది."

"అందుకు హాలుదాకా ఎందుకు? ఇంట్లో నేను చాలనా?"

"ఇంట్లో అక్క ఊరుకోదుగా!"

భార్య నవ్వాపుకుంటూ ఆయన కాలరు సర్దింది.

తెరమీద బస్సు వచ్చింది. ఆయన కళ్లు మూసుకున్నారు. సరిగ్గా అప్పుడే స్పీకర్లు మూగబోయాయి. ఈలలు పడాలి, పడలేదు. ఏమిటా అని కళ్లు తెరిచారు. పెట్టెను వదలలేని వేళ్లు, ఆ గుటక, నవ్వబోయి ఓడిపోయిన పెదవి. అరువు గొంతు అడ్డు తొలగగానే ఆయన ప్రేమ హాలంతటికీ కనిపించింది. అప్పటిదాకా అల్లరి చేసిన ముందు వరస కిక్కురుమనలేదు. బస్సు కదిలాక చప్పట్లు మిన్నంటాయి.

మరదలు ముక్కు చీదుకుంది. "ఇన్నాళ్లూ నిన్ను మొద్దు అన్నానే బావా!"

"ఇకమీదట?"

"మొద్దువే. కానీ ఆ మాట నేను తప్ప ఇంకెవరన్నా ఊరుకోను."

"నాకెప్పుడూ అలా వీడ్కోలు చెప్పలేదేం?" అంది భార్య.

"నిన్నెప్పుడు వెళ్లనిచ్చాను?"

బయట చిత్ర సంస్థ మేనేజరు అందరి ముందూ ఆయన చేతులు పట్టుకున్నాడు. "మీ అసలు గొంతు టేపు మా గోడౌన్లో భద్రంగానే ఉందండీ. ఇప్పుడు ఎవరు వెతుకుతారు, ఎవరు కలుపుతారని..."

ఏనాడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి గుటక మింగారు. ఈసారి మాట పెగిలింది.

"కలపండి."

చిత్ర సంస్థ పెద్దలారా, టేపు మీ అధీనంలోనే ఉందని మీ మేనేజరే ఒప్పుకున్నాడు. కనుక దొరకదన్న సాకు చెల్లదు. వచ్చే ప్రదర్శనకు ముందే ఆ గొంతును ఆ పెదవులకు తిరిగి ఇవ్వండి. అంతవరకూ కనీసం స్పీకర్లు బాగుచేయించకండి.