పెనం పెట్టిన చోటు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో సముద్రాలు దాటి వచ్చిన నిధి ఉంది, ఎడారి ఉంది, నమ్మకద్రోహం ఉంది, ఏ పాపమూ చేయని మనిషికి పడ్డ వనవాసం ఉంది. కథానాయకుడిని నేనే. ఇంత చెప్పాక ఒప్పుకోక తప్పదు. సముద్రాలు దాటి వచ్చింది ఒక భోజనాల బల్ల. దాని మీద నేను తడి పెనం పెట్టాను. మిగతాదంతా ఆ పెనం వెనకాలే వచ్చింది. కథానాయకుడు అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

ధహ్రాన్‌లో ఇంజినీరుగా చేరిన మొదటి ఏడాది నాకు ఏ వ్యసనమూ లేదు. ఈ అరబ్బు దేశంలో వాటికి పెద్దగా అవకాశమూ లేదు. మా కాంపౌండ్‌లో విదేశీయులు ఉద్యోగం ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోయేటప్పుడు ఇంట్లో సామాన్లు వాకిట్లో పరిచి అమ్మేస్తారు. అలాంటి ఒక శుక్రవారం రైస్ కుక్కర్ కోసం వెళ్ళి, గుండ్రటి చెక్క పీట ఒకటి కొనుక్కొచ్చాను. చపాతీలు ఒత్తుకోవచ్చనుకున్నాను. ఒత్తితే చపాతీ మీద అలలు పడ్డాయి. చూస్తే పీట పైభాగమంతా చిన్న చిన్న పల్లాలు.

మోసపోయానని ఆఫీసులో చెప్పుకుంటుంటే పక్క గదిలోంచి పెద్దాయన లేచి వచ్చాడు. ఇంగ్లండ్‌లో ఏదో పల్లె నుంచి వచ్చి, ఇక్కడే జుట్టు నెరిసిన ఇంజినీరు. ఫోన్‌లో ఫొటో చూసి, నా వైపు జాలిగా చూసి, తన ఇంగ్లిషులో పాఠం మొదలుపెట్టాడు. అది ఓక్ చెక్క అన్నాడు. రొట్టె కోసుకునే పీట. ఆ పల్లాలు లోపం కాదు, వడ్రంగి బాడిస దెబ్బలు. చిత్రిక పట్టి నున్నగా చేయడం చేతకాక కాదు, ఒక మనిషి చేత్తో చేసిన వస్తువని తడిమితే తెలియాలని అలా వదిలేస్తారట. నేను ఆ మనిషి చేతి మీద చపాతీ ఒత్తానన్నమాట.

అక్కడ అంటుకుంది. మూడేళ్ళలో నా గదిలోకి ముక్కాలి పీట ఒకటి, ఉప్పు పెట్టె ఒకటి, కొవ్వొత్తి నిలబెట్టే స్తంభం ఒకటి, వాడడానికి మనసొప్పని గరిటెలు రెండు వచ్చి చేరాయి. ఓక్‌ను ఒక వాలులో కోస్తే లోపల వెండి జరీలాంటి చారలు బయటపడతాయి. ఆ జరీ కోసం శుక్రవారాలు ఖోబర్, జుబైల్ ఊళ్ళు తిరిగేవాణ్ణి. నాతో గది పంచుకునే కరీంనగర్ వాడికి ఇది మింగుడుపడలేదు.

"గీ ముక్కాలి పీట కోసం జుబైల్ దాకా పోయినవార? మా అమ్మమ్మ గిసొంటి దాని మీదనే కూసోని పాలు పిండేది."

"ఇంగ్లండ్‌లోనూ దాని మీద కూర్చుని పాలే పిండేవాళ్ళురా."

"మరి బర్రేదిరా?"

నేను ముక్కాలి పీటను నా మంచం పక్కకు జరుపుకున్నాను.

పెద్దాయన ఇంట్లో ఉన్నది అసలైన వస్తువు. ఆరుగురు కూర్చునే బల్ల. తన ఊళ్ళో ఇద్దరే మనుషులు పనిచేసే కార్ఖానాలో చేయించి, ఏడాదిన్నర ఎదురుచూసి, ఓడలో తెప్పించుకున్నాడు. ఒక కాలి మీద వడ్రంగి గుర్తుగా చెక్కిన నత్త ఉంటుంది. ఏడాదిన్నర పట్టిన పనికి అంతకన్నా నిజాయితీ గల గుర్తు ఉండదు. బల్ల మొత్తంలో ఇనుప మేకు ఒక్కటి లేదు, అన్నీ కొయ్య మేకులే. ఎందుకో కూడా ఆయనే చెప్పాడు. ఓక్‌లో కరక్కాయలో ఉన్నట్టు వగరు ఉంటుంది. దానికి తడి, ఇనుము తగిలితే నల్లబడుతుంది. నాకు వెంటనే అర్థమైంది. మా వైపు పెడన కలంకారీలో గుడ్డను కరక్కాయ నీళ్ళలో ముంచి, ఇనుప నీళ్ళతో నల్ల గీత గీసేది ఈ కిటుకుతోనే. ఆ రోజు నుంచి దొరికిన ప్రతివాడికీ ఈ సంగతి ఉపన్యాసంగా ఇచ్చాను. ఇది గుర్తుపెట్టుకోండి. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

పోయిన వేసవిలో ఆయన నెల రోజులు సెలవు మీద ఊరెళ్తూ ఇల్లు నాకు అప్పగించాడు. మొక్కలకు నీళ్ళు, పిల్లికి తిండి, బల్లకు మర్యాద. అంతే పని. నేను సంచీ, నా ఇనుప దోసె పెనం పట్టుకుని వెళ్ళి ఆ ఇంట్లోనే మకాం పెట్టాను.

శనివారం, మంగళవారం ఇల్లు శుభ్రం చేయడానికి ఏజెన్సీ వ్యాన్‌లో ఒకామె వచ్చేది. రాయచోటి వైపు మనిషి, నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దది. అక్కా అనేవాణ్ణి. ఆమెకు తెలుగు, పని నడిచేంత అరబీ వచ్చు. పెద్దాయనకు ఇంగ్లిషు తప్ప రాదు. ఇద్దరి మధ్యా అవసరం పడినప్పుడల్లా దుబాసీని నేను. శనివారం నాకు సెలవు కాబట్టి ఆమె పని చేస్తూ మాట్లాడేది, నేను పని చేయకుండా మాట్లాడేవాణ్ణి.

"ఈడ పని పుణ్యం నాయనా," అంది ఒకసారి అద్దాలు తుడుస్తూ. "ముందు రియాద్‌లో ఒక ఇంటికేసినారు. పద్నాలుగు మంది. వంటింట్లోనే పడక. ఫోన్ గూడా మేడమే పెట్టుకుంటాండె. ఇప్పుడు పూటకొక ఇల్లు తుడిచి సాయంత్రానికి మా రూముకి పోతా. ఊర్లో ఉండే మా పాపతో ఫోన్లో మాట్లాడుకుంటా."

"ఇక ఇలాగే ఉంటుందిలే అక్కా."

"యాడ నాయనా? ఒక్క కంప్లైంట్ పడిందా, మళ్ళా రాత్రింబగళ్ళు ఆడనే పడుండే ఇంటి మనిషిగా యాడికో తోలేస్తారు."

ఆ మాట నేను విన్నాను. బాగానే విన్నాను.

తర్వాతి శుక్రవారం పొద్దున దోసెలు పోసుకున్నాను. పెనం కడిగాను. తుడవలేదు. అప్పుడే ఫోన్ మోగింది. జుబైల్‌లో ఎవరో ఓక్ అరమర అమ్ముతున్నారని. చేతిలో పెనాన్ని దగ్గరున్న చోట పెట్టి పరుగెత్తాను. వెళ్తే అది ఓక్ కాదు, ఓక్ బొమ్మ అచ్చేసిన కాగితం అంటించిన అట్టముక్క. సాయంత్రం తిరిగొచ్చి పెనం ఎత్తితే, దాని కింద పెనమంత నల్లటి వలయం. కలంకారీ వాళ్ళు చూస్తే మెచ్చుకునేంత నలుపు.

మర్నాడు ఆమె వచ్చేసరికి నేను బల్ల మీద వంగి తోముతున్నాను.

"ఏంది నాయనా, బల్లకి తలంటు పోస్తాండావా?"

"చింతపండు అక్కా. మచ్చ పోతుందని."

"ఇత్తడి చెంబుకైతే పోతాది. కొయ్యని యాడన్నా చింతపండుతో తోముతారా?"

"ఇనుము మరక పులుపుకి పోవాలక్కా. సైన్సు."

"పెనం పెట్టేటప్పుడు యాడికి పోయిండె ఆ సైన్సు?"

సైన్సు ఆ సమయానికి జుబైల్ వెళ్ళింది. చింతపండు పుణ్యమా అని నల్ల వలయం చుట్టూ పాలిపోయిన ఇంకో వలయం వచ్చింది. సూర్యగ్రహణంలా ఉంది. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, నవ్వు ఆపుకుని చెప్పింది. "దొర వచ్చినాక నువ్వే చెప్పెయ్ నాయనా. ఆయప్ప మంచోడు. ఒక పూట మొగం ముడుచుకుంటాడు, అంతే."

"చెప్తానక్కా."

చెప్పలేదు. ఆయన వచ్చే ముందు మచ్చ మీద పూలకుండీ పెట్టాను. మూడేళ్ళుగా ఆయన నన్ను కొడుకులా చూశాడు అని రాయబోయాను. అంత లేదు. చెక్క సంగతి తెలిసినవాడిగా చూశాడు. నాకు అదే ఎక్కువ. ఆ ఒక్క చూపు పోతుందని భయం.

ఆయన శుక్రవారం దిగాడు. శనివారం పొద్దున తాళాలు ఇవ్వడానికి వెళ్ళేసరికి కుండీ పక్కన ఉంది. ఆయన అరచేయి ఆ వలయం మీద ఉంది. వంటింటి గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. నన్ను చూడగానే అడిగింది.

"చెప్పేసినావా నాయనా?"

"ఆఁ, చెప్పేశానక్కా."

అప్పుడు పెద్దాయన నెమ్మదిగా నాతో అన్నాడు, ఇంగ్లిషులో. ఇక్కడ తడి ఇనుము ఏదో పెట్టారు, పెట్టింది తనేనేమో ఆమెను అడుగు, కోప్పడుతున్నట్టు కాకుండా అడుగు.

నేను ఆమె వైపు తిరిగి అడిగాను. "ఈ నెలంతా నువ్వే వచ్చావా అని అడుగుతున్నాడక్కా."

"ఆఁ, నేనే వస్తి," అంది ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుని, నిండుగా తల ఊపుతూ.

ఆయనకు తెలుగు రాకపోయినా తల ఊపడం అర్థమైంది. పర్వాలేదు, ఎవరికైనా జరుగుతుంది, ఆ మాట ఆమెకు చెప్పు అన్నాడు.

"పని బాగా చేస్తున్నావంటున్నాడక్కా."

"దొరకి నా దండాలు చెప్పు నాయనా."

ఆమె క్షమించమంటోందని ఆయనకు చెప్పాను.

ఒక్క నిమిషంలో రెండు భాషల్లో ఇన్ని అబద్ధాలు, ఒక్క వ్యాకరణ దోషం లేకుండా. నేను దాన్ని అప్పుడు అబద్ధం అని కూడా అనుకోలేదు. ఆయన క్షమించాడు, ఆమె నవ్వింది, నా పరువు దక్కింది, ముగ్గురం సుఖంగా ఉన్నాం కదా అనుకున్నాను. ఇంటికొచ్చి ఉప్పు పెట్టెకు మైనం పట్టించాను. ప్రశాంతంగా.

ఏజెన్సీ వాళ్ళ యాప్ ప్రతి నెలా అభిప్రాయం అడుగుతుంది. పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు రాయకుండా ఉండలేని మనిషి. ఆమె పనిని మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు రాసి, చివర్లో, చెక్క మీద తడి ఇనుము పెట్టకూడదని మీ వాళ్ళకు నెమ్మదిగా వివరించండి అని చేర్చాడట. ఏజెన్సీ ఫారంలో 'నెమ్మదిగా' అన్న గడి లేదు. 'ఫర్నిచర్ డ్యామేజ్' అన్న గడి ఉంది. ఎవరో దానికి టిక్కు పెట్టారు.

ఆ మంగళవారం పెద్దాయన ఇంటికి కొత్త మనిషి వచ్చింది. అదే రోజు మధ్యాహ్నం క్యాంటీన్ వరసలో ఉండగా నా ఫోన్‌కి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక వ్యాన్ చప్పుడు.

"నాయనా, యాడో దూరాన ఖఫ్జీ అంట, నన్ను ఆడికి ఏసినారు. ఇంటి మనిషిగా. బల్ల మీద మచ్చ నేనే చేసినానంట. నేను గాదంటే దొర రాసినాడంటారు. నువ్వు చెప్పినావు గదా ఆయనకి? ఆయప్పే మర్చిపోయింటాడు. ఒకసారి మళ్ళా చెప్పు నాయనా."

నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది. నేను తిట్లకు సిద్ధంగా ఉండే మనిషిని, తిట్టిన ప్రతి మాటకూ ఒక జోకు వేయగలను. మర్చిపోయింటాడు అన్నదానికి ఏ జోకు వేయాలి? గదికి వెళ్ళి కరీంనగర్ వాడికి వినిపించాను. బర్రె గురించి అంటాడనుకున్నాను. వాడు చెప్పులు తొడుక్కుని కారు తాళాలు తీసి, "నడువు" అన్నాడు.

పెద్దాయన ఇంటి ముందు నన్ను దింపి వాడు కారులోనే కూర్చున్నాడు. నేను లోపలికెళ్ళి, బల్ల దగ్గర నిలబడి, పెనం నుంచి అనువాదం దాకా మొత్తం చెప్పాను. ఆయన కేకలేయలేదు. ఒకే మాట అన్నాడు. అయితే నేను క్షమించింది ఆమెను, నిన్ను కాదు.

లేచి వెళ్ళి గ్యారేజీ అరలోంచి తెల్లటి పొడి డబ్బా తెచ్చాడు. ఆక్సాలిక్ ఆమ్లం. గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, గుడ్డతో అద్ది, కాసేపు వదిలేసి, కడిగి తుడవడమే. నా చేతికే తొడుగులు ఇచ్చాడు. నాటకీయంగా ఆలోచిస్తే ఆ మచ్చ జీవితాంతం ఉండిపోవాలి. ఆయన టీ చల్లారేలోపు పోయింది. ఇది నాకు ఎప్పుడు చెప్పినా ఇంతే పనయ్యేది అన్నాడు. అంతకన్నా పెద్ద శిక్ష ఆయన వేయలేడు. ఆయనకు తెలియకపోయినా.

అక్కడి నుంచే ఏజెన్సీకి ఫోన్ చేశాం. అటువైపు పాకిస్తానీ గుమాస్తా, నేను ఉర్దూలో. ఈసారి ఉన్నది ఉన్నట్టు అనువదించాను.

"రిమార్కు తీసేస్తాం భాయ్. కానీ ఆమె ఖఫ్జీ చేరిపోయింది."

"వాపస్ పిలిపించండి భాయ్."

"ఐసే థోడీ హోతా హై!" అలా కుదరదట.

ప్రాయశ్చిత్తంగా నా ఓక్ సేకరణ అంతా అమ్మేశానని రాస్తే అందంగా ఉంటుంది. అమ్మలేదు. మధ్యలో ఇంకో గరిటె కూడా కొన్నాను.

శుక్రవారం ఆమె ఫోన్ చేసింది. ఆ ఇంట్లో వారానికి ఒక గంట ఫోన్ ఇస్తారట.

"పద్నాలుగు మంది గాదులే నాయనా. తొమ్మిదే."

నేను జరిగింది చెప్పాను. ఆ రోజు ఆయన ఏమడిగాడో, నేను ఆమెనేం అడిగానో. లైన్ పోయిందేమో అని ఆశపడ్డాను.

"ఏల చేస్తివి నాయనా అట్ల?"

"భయమేసిందక్కా."

"నీకేం భయం నాయనా?"

అటువైపు ఎవరో పిలుస్తున్నారు. ఆమె గొంతు తగ్గించింది. "సరే. నన్ను ఆడికి మళ్ళా మార్చడానికి ఏదో ఉంటాది గదా, కాగితమో పాడో. అది చూడు. మేడమ్ వస్తాంది. పెడతాండా."

ఉంది. బదిలీ ఫారం. కస్టమర్ సంతకం కావాలి, పెద్దాయన పెట్టాడు. మొదటిసారి ఇంగ్లిషులో నింపి తీసుకెళ్తే తిప్పి పంపారు. అరబిక్‌లోనే ఉండాలి, ఆమె ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు, కాపీ రెండు జతలు కావాలి, ఆదివారం నుంచి గురువారం దాకా తొమ్మిదింటి నుంచి రెండింటి వరకే తీసుకుంటారు. ఫారం అరబిక్‌లో నింపించి, ఆఫీసుకు సెలవు పెట్టి, ఈ ఆదివారం తొమ్మిదింటికే మళ్ళీ వెళ్తున్నాను.