బండి లేని ఎర్రదీపం

రైల్వే సిగ్నల్ విభాగంలో హెల్పర్ ఉద్యోగం వచ్చేదాకా మడకం సోమి రైలే ఎక్కలేదు. ఆమె ఊరు మరైగూడలో తిరిగేవి బస్సులూ జీపులే. ఇనుప గనులుండే బచేలీ దాటాక ఒక చిన్న స్టేషన్‌లో చేరిన మొదటి వారమే సత్యమూర్తిని నిలదీసింది. ఆయన ఆమె పై టెక్నీషియన్, బొబ్బిలి మనిషి.

"సార్, ఆ దీపం దానంతటదే ఎర్రగైతది. బండొచ్చిందని దానికెట్ల తెలుస్తది? కెమెరా ఉన్నదా ఏంది?"

"కెమెరా నేదు, ఏటీ నేదమ్మా. పట్టాలే సెప్తాయి."

ఆయన పట్టాల పక్కనున్న ఇనప పెట్టె తెరిచి చూపించాడు. దారిని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక కొసనుంచి కొద్దిపాటి కరెంటు పంపుతారు. అది ఒక పట్టా వెంట పోయి, అవతలి కొసన రిలే అనే మీటను పైకెత్తి, రెండో పట్టా వెంట తిరిగొస్తుంది. మీట పైనుంటే దారి ఖాళీ. బండి వస్తే కరెంటు దాని ఇరుసుల మీదుగానే మళ్లిపోతుంది. మీట పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది.

"మరి వైరు తెగితే?"

"అప్పుడూ ఎరుపే. బ్యాటరీ సచ్చినా ఎరుపే. అనుమానమొస్తే బండి ఆగిపోవాల."

జనవరిలో ఒక ఉదయం, పొగమంచు ఇంకా విడవకముందే, స్టేషన్ మాస్టర్ దుర్గేశ్ ఫోన్ చేశాడు. "గాడీ నహీ హై, ఫిర్ భీ లాల్!" ముందు దారిలో బండే లేదు, అయినా దీపం ఎరుపే. ఇనుప ఖనిజం నింపుకున్న బండి సిగ్నల్ దగ్గర నిలిచిపోయి ఉంది.

సోమీ, సత్యమూర్తీ పరుగెత్తారు. బ్యాటరీ బాగుంది, రిలే బాగుంది, వైర్లన్నీ గట్టిగా ఉన్నాయి. ఇవతలి కొసన కరెంటు ఉంది, అవతలికి అందడం లేదు.

"నడుమ ఉన్నది పట్టానే కద సార్. అదే తెగిందేమో?"

"రాత్రంతా బండ్లు పోయాయి కదమ్మా," అన్నాడాయన, నమ్మకం లేకుండానే.

సోమి మీటరు తీసుకుని నడిచింది. నాలుగు స్లీపర్లకోసారి రెండు పట్టాలకూ దాని వైర్ల కొసలు ఆనించి చూసింది. కల్వర్టు దాటగానే మీటరు ముల్లు సున్నాకు పడిపోయింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, అతుకు మీది ఎర్రటి ఖనిజపు ధూళిని కొంగుతో తుడిచింది. వెంట్రుకంత సన్నని గీత కనిపించింది. వేలిగోరు అందులో చిక్కుకుంది.

లేచి, వెంట తెచ్చుకున్న ఎర్రజెండా ఎత్తింది.

సత్యమూర్తి వచ్చి చూసి పట్టాల విభాగానికి ఫోన్ చేశాడు. పట్టాల మనుషులొచ్చి గీతకు రెండువైపులా ఇనప పలకలు బిగించాక, బండి మనిషి నడకంత వేగంతో ఆ గీత మీదుగా దాటింది. ఒక్కొక్క వ్యాగనూ పోతుంటే సోమి లెక్కబెట్టింది.

టీ తాగుతూ మళ్లీ మొదలుపెట్టింది.

"సార్, ముందుముందు మనకు ఈ కరెంటు బదులు ఇరుసులు లెక్కబెట్టే యంత్రాలొస్తయట కద. దారి ముక్క లోపటికి పోయినన్ని బయటికొచ్చినయా లేదా చూస్తయట. ఈ గీతను అవి పట్టుకుంటయా?"

ఆయన గ్లాసు దించాడు. "పట్టుకోవు. ఆటికి ఇరుసులే తెలుసు, పట్టా సంగతి తెలీదు."

"మరి పట్టానెవరు చూడాలె?"

"నడిసే మనుషులు. పట్టాలోకి శబ్దం పంపి సూసే మిషన్లూ ఉన్నాయి."

"శబ్దం గీతనెట్ల చూస్తది?"

సత్యమూర్తి నవ్వాడు. "నాకూ సరిగ్గా తెలీదమ్మా. రేపు ఆ మిషన్ నడిపే ఆయన వస్తాడు. ఇద్దరం అడుగుదాం."