ఆవిరి లేని రోజు మోగిన సైరన్

ముందే చెప్పేస్తాను. దయ్యాలు, గాలిధూళి, చేతబడి వంటివాటిని నేను ఏనాడూ నమ్మలేదు. చింతచెట్టు మీద తెల్లచీర కనబడిందని ఎవరైనా చెబితే, చీర ఎవరిదో కనుక్కుని తిరిగి ఇచ్చి రమ్మనే రకం నేను.

నేను చదివింది ఏడో తరగతి, అదీ ఉర్దూలో. తెలుగు చదవడం నాకు నేనే నేర్చుకున్నాను. బోధన్ గ్రంథాలయంలో సైన్సు పుస్తకాల అల్మారా ఒకటి ఉండేది. ఆవిరి యంత్రాలు, నక్షత్రాలు, మనిషి శరీరం, ఏ పుస్తకం ఉంటే ఆ పుస్తకం చదివాను. "ఫిట్టర్ సాబ్, అల్మార మొత్తం నమిలితివి. ఇగ చెక్క ఒక్కటే మిగిలింది" అని అక్కడి గుమాస్తా నవ్వేవాడు. నాకు లోపల గర్వంగానే ఉండేది.

మాది క్రైస్తవ కుటుంబం. దేవుణ్ణి నమ్ముతాను. అయితే ప్రతి చిన్న సంగతికీ అద్భుతమని పేరు పెట్టడం నాకు నచ్చదు. ఈ విషయంలో మా పాస్టరయ్యతో చాలాసార్లు వాదించాను కూడా.

ఇది జరిగి పదేళ్లు దాటింది. అప్పుడు నేను బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌ని. పెళ్లయిన ఆరేళ్లకు, చెరుకు సీజను చివరలో, మాకు ఆడపిల్ల పుట్టింది. నిజామాబాద్ వైపు ఉన్న మిషన్ ఆస్పత్రిలో కాన్పు. రూతు అని పేరు పెట్టుకున్నాం.

పాపకు కింది దవడ మరీ చిన్నది. గదవ, అంటే గడ్డం, ఉందా లేదా అన్నట్టు ఉండేది. నోట్లో అంగిలి మధ్యకు చీలి ఉంది. పాలు పడితే ముక్కులోంచి వచ్చేవి. అన్నిటికంటే భయంకరమైనది నాలుక. దవడలో చోటు లేక అది వెనక్కి జారి గొంతుకు అడ్డం పడేది. పాపను వెల్లకిలా పడుకోబెడితే చాలు, మూత పెట్టినట్టు ఊపిరి ఆగిపోయేది.

ఆస్పత్రిలో పెద్ద నర్సు మాకు ఒకటే మాట పదిసార్లు చెప్పింది. పాప ఎప్పుడూ బోర్లానే పడుకోవాలి, ముఖం పక్కకు ఉండాలి. నిలబెట్టి ఎత్తుకుని చెంచాతో చుక్కచుక్కగా పాలు పట్టాలి. ఎవరో ఒకరు ఎప్పుడూ మేలుకుని ఉండాలి. ఏడాది బతికిస్తే దవడ పెరుగుతుంది, అంగిలి కుట్టవచ్చు. మాకు కావలసింది ఆ ఒక్క ఏడాది.

మా కాపలా ఫ్యాక్టరీ సైరన్‌తో మారేది. ఆరు, రెండు, పది. రెండింటి సైరన్‌కు నేను డ్యూటీ దిగి వచ్చి పాప పక్కన కూర్చునేవాణ్ణి, కరుణ నడుం వాల్చేది. కరుణ నా భార్య. ఆమె ప్రార్థన కూడా షిఫ్టు లెక్కనే ఉండేది. ఏడాది బతికించమని ఆమె ఎప్పుడూ అడగలేదు. పాప వీపు మీద చెయ్యి వేసి, "తండ్రీ, గీ షిఫ్టు దాటియ్యి" అనేది. సైరన్ మోగగానే "స్తోత్రం" అని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. నేను గోడకు ఆనుకుని పుస్తకం చదువుతూ కూడా, ఆ మాట వినబడకపోతే తలెత్తి చూసేవాణ్ణి.

ఇంట్లో మాతో పాటు అవ్వ ఉండేది, అంటే మా అమ్మ. అంతకు మూడేళ్ల ముందు వచ్చిన జ్వరంలో ఆమె చెవులు పూర్తిగా పోయాయి. పెదవులు చూసి, సైగలు చూసి మన మాట పట్టుకునేది. మా క్వార్టరు ఫ్యాక్టరీకి ఎంత దగ్గరంటే సైరన్ మోగితే గూట్లో గ్లాసులు అదిరేవి. అవ్వ మాత్రం అక్కడే కూర్చుని "కూత అయిందా బిడ్డా?" అని కరుణను అడిగేది.

అవ్వకు నా మీద కోపం ఉండేది. కరుణ కడుపుతో ఉన్నప్పుడు సూర్యగ్రహణం పట్టింది. మా దగ్గర గర్భిణిని ఆ వేళ కదలనివ్వరు. నేను మసి పూసిన అద్దం ముక్క ఇచ్చి కరుణను వాకిట్లోకి తీసుకెళ్లి గ్రహణం చూపించాను. వాడకట్టంతా చూడాలనే చూపించాను. పాప అంగిలి చూసిన రోజు అవ్వ ఏడుస్తూ, "అద్దం పట్టుకోని సూపిస్తివి గద, ఇగ సూడు" అంది. గ్రహణానికీ అంగిలికీ సంబంధం లేదని నేను పుస్తకంలో చదివాను. అయినా ఆ మాట నాలో ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

ఇరవై ఒకటో రోజు చేయాల్సిన తొట్టెల, అంటే బిడ్డను ఊయలలో వేసే వేడుక కూడా నేనే ఆపాను. చీరతో కట్టిన తొట్టెలలో బిడ్డను వెల్లకిలా తప్ప పడుకోబెట్టలేం. అవ్వకు అది మింగుడుపడలేదు. "ఏసయ్యను గడ్డిల పండవెట్టినా ఎల్లెలుకలనే పండవెట్టిండ్రు గదరా. నా మనుమరాలు ఏం పాపం జేసిందని బోర్ల పండుతది?" అనేది. నాకు నవ్వు వచ్చేది, కోపమూ వచ్చేది. ఆస్పత్రి మాట సైగలతో మళ్లీ చెప్పేవాణ్ణి. అవ్వ ముఖం తిప్పుకునేది. పెదవులు చూడకపోతే ఆమెకు ఏమీ చెప్పలేం.

సీజను అయిపోయింది. బాయిలర్లు చల్లారాయి. ఆవిరి లేదు కనుక సైరన్ లేదు. గేటు దగ్గర వేలాడదీసిన రైలు పట్టా ముక్కను సుత్తితో కొట్టి మమ్మల్ని లోపలికి పిలిచేవారు, సాయంత్రం ఐదుకు వదిలేవారు.

పాపకు రెండు నెలలు నిండాక, ఒక బుధవారం మధ్యాహ్నం చర్చిలో స్త్రీల ప్రార్థన పెట్టారు. కాన్పు తర్వాత కరుణ గడప దాటలేదు. కళ్ల కింద నల్లగా అయిపోయింది. పోయి రమ్మని నేనే పట్టుబట్టాను. "అవ్వకు ఇనవడదు గద, పొల్ల గొంతు పట్టుకుంటె ఎట్ల?" అని ఆమె వెనకాడింది. వీపు మీద చెయ్యి ఉంటే చాలు, చెవులతో పనేముందని నేను వాదించాను. పాపను దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టి, అవ్వ అరచెయ్యి వీపు మీద పెట్టించి, కరుణ చర్చికి వెళ్లింది. చర్చి మా ఇంటికి మైలు దూరం.

ఆ రోజు నేను చేస్తున్న పని గురించి వివరంగా చెప్పాలి. ఉదయమే సైరన్‌ను పైనుంచి దించాను. దాని ఇత్తడి గంట ఒక పక్క, వాల్వు ఒక పక్క, నా బెంచీ మీద ఉన్నాయి. పైన పైపు మూతికి ఇనుప బిళ్ల పెట్టి నాలుగు బోల్టులు నేనే బిగించాను. బాయిలరు తలుపు తెరిచి ఉంది, లోపల కూలీలు దిగి, నీళ్ల ఉప్పు గట్టిపడి పేరుకున్న పొక్కు గీకుతున్నారు. భోజనం తర్వాత నుంచి ఐదు దాకా నేను ఆ వాల్వుకు పేస్టు రాసి అరగదీస్తూనే ఉన్నాను. బెంచీ వదిలి కదలలేదు.

ఐదుకు ఇంటికి వచ్చాను. గడపలో అవ్వ కూర్చుని ఉంది. పాప ఆమె మోకాళ్ల మీద బోర్లా పడుకుని ఉంది. కరుణ పక్కన నేల మీద కూలబడి ఉంది. చెప్పులు లేవు, పాదం చీరుకుపోయి రక్తం కారుతోంది. ఇద్దరూ బాగా ఏడ్చినట్టున్నారు. వంగి పాప వీపు మీద చెయ్యి పెట్టాను. ఊపిరి ఆడుతోంది.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "కూత పెట్టి మంచి పని జేసినవ్ కొడుకా. నువ్వు పెట్టకుంటే పొల్ల పాణం పోతుండె."

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు కరుణ చెప్పింది, మధ్యమధ్యలో అవ్వ కూడా.

కరుణ వెళ్లాక అవ్వ పాత చీరతో దూలానికి తొట్టెల కట్టింది. ఒక్కసారి, ఎవరూ చూడకుండా, మనుమరాలిని అందరు పిల్లల్లా ఊపాలని ఆమె ఆశ. పాపను వెల్లకిలా వేసి తాడు పట్టుకుని ఊపింది. ఎండ వేళ, ఊపుతూ ఊపుతూ కునుకు పట్టింది.

"కూత గుయ్యిమన్నది కొడుకా. గూట్ల గ్లాసులు గలగలలాడినయ్. కొడుకొస్తున్నడు, తొట్టెల సూస్తే తిడ్తడని దిగ్గున లేసిన."

నేను రాకముందే పాపను బోర్లా వేద్దామని చీర పక్కకు తీసింది. పాప పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. కాళ్లూ చేతులూ వేలాడుతున్నాయి. అవ్వ బిడ్డను ముంజేతి మీద బోర్లా వేసి వీపు మీద కొట్టింది. ఎన్ని దెబ్బలు కొట్టిందో ఆమెకు తెలియదు. నాలుక ముందుకు జారింది కాబోలు, ఒక్కసారి వెక్కి ఊపిరి అందుకుంది.

అదే వేళకు చర్చిలో ఒకామె ప్రార్థన చేస్తోంది. కరుణకు సైరన్ వినబడింది. సైరన్ అంటే కాపలా మారే వేళ. ఒళ్లు అలవాటుగా లేచి నిలబడిందట. నిలబడ్డాక, కాపలా అప్పగించడానికి బిడ్డ తన దగ్గర లేదని గుర్తొచ్చిందట. చెప్పులు కూడా వేసుకోకుండా మైలు దూరం పరుగెత్తుకొచ్చింది.

నేను సైరన్ బాగుచేసి, సరిగా పలుకుతుందో లేదో చూడటానికి మోగించానని ఇద్దరూ అనుకున్నారు. అందుకే నాకు మొక్కినంత పని చేశారు. నా గోళ్ల సందుల్లో ఇంకా వాల్వు పేస్టు నల్లగా ఉంది.

"సైరన్ నా బెంచీ మీద ఉంది, ముక్కలుగా" అన్నాను. కరుణ నా ముఖం చూసింది. అవ్వ నా పెదవులు చూసింది. మళ్లీ చెప్పమంది.

మర్నాడు నేను ఊరుకోలేదు. బోల్టులు చూశాను, వేసినవి వేసినట్టే ఉన్నాయి. బాయిలరులో దిగిన కూలీలను, గేటు జవానును, పక్క క్వార్టర్లవాళ్లను అడిగాను. ఎవరూ ఏమీ వినలేదు. రైలు కూత అనుకుందామంటే ఆ వేళకు స్టేషన్లో బండి లేదు. చర్చిలో కరుణ పక్కన కూర్చున్న ఆమెను అడిగితే, "ప్రార్థన నడుమల లేసి ఉరికింది, కడుపు నొచ్చిందేమో అనుకున్న" అంది. అవ్వ కలగన్నదని అనుకోవచ్చు. గుండెలో దిగులుతో కరుణ చెవులు గింగురుమన్నాయని అనుకోవచ్చు. ఇద్దరికీ ఒకే వేళకు ఎందుకు అలా జరగాలి? ఆ అల్మారాలోని పుస్తకాలు మళ్లీ తిరగేశాను. గుమాస్తా ఈసారి నవ్వలేదు.

"నువ్వు పుస్తకాలల్ల ఎతుకు. నేను మోకాళ్ల మీద ఎతుకుత. ఎవలకు ముందు దొరికితే వాళ్లు చెప్పుకుందాం" అంది కరుణ. ఆమె వెతికినట్టు నాకు కనబడలేదు. ఆమెకు అప్పటికే తెలిసినట్టుంది.

పాస్టరయ్య నన్ను ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నా బిడ్డ బతికింది, అందుకు దేవునికి స్తోత్రం, ఆ కూత ఎక్కడిదో మాత్రం నాకు తెలియదు అని కూర్చున్నాను. కొందరికి అది సగం సాక్ష్యంలా అనిపించింది. అంతకు మించి చెబితే అబద్ధం చెప్పినవాణ్ణి అయ్యేవాణ్ణి.

ఆ రోజు నుంచి అవ్వ కూడా కాపలాలో మూడో మనిషి అయింది. చెయ్యి పాప వీపు మీద నుంచి తీసేది కాదు. రూతు ఏడాది దాటింది. తర్వాత అంగిలి కుట్టించాం. ఇప్పుడు బడికి పోతోంది, కొంచెం ముక్కుతో మాట్లాడుతుంది.

ఒక్క సంగతి మిగిలింది. ఆ ఏడు చలికాలం మొదట్లో మళ్లీ చెరుకు ఆడటం మొదలైంది. బాయిలరు అంటించారు. నేను అరగదీసిన వాల్వుతో మొదటి సైరన్ మోగే రోజు, కావాలనే సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. అవ్వకు ఏమీ చెప్పలేదు. ఆమె ఒళ్లో పాపను బోర్లా వేసుకుని, వీపు నిమురుతూ వాకిటి ముందు వెళ్లే చెరుకు బండ్లను చూస్తోంది.

రెండయింది. సైరన్ మోగింది. గూట్లో గ్లాసులు అదిరాయి. అవ్వ చూపు బండ్ల మీద నుంచి కదలలేదు. ఆమె చేతి కింద పాప ఒక్కసారి ఉలిక్కిపడింది.

అవ్వ తలెత్తి నన్ను చూసింది.

"పొల్ల గిట్ల జడుసుకున్నదేందిరా?"