ఇచ్చేసిన వల

మా బావ గాలయ్య నోరు విప్పితే శామీర్‌పేట చెరువు అవతలి గట్టుకు వినపడేది. గౌడవెల్లి నుంచి నేను అక్కింటికి వచ్చానంటే చాలు, "వచ్చిందమ్మా గోళీల మాధవి, ఇగ మన చేపలకు జరం రాదు" అని మొదలుపెట్టేవాడు. నేను మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆయనకు తెలుసు. నేను నాలుగు తిడితే ఆయనకు కడుపు నిండినట్టుండేది. అలాంటి మనిషి పోయినేడు వానలు వెనకబట్టాక మాట్లాడడమే మానేశాడు.

ఒక్కసారిగా మానలేదు. ముందు ఆటపట్టించడం పోయింది. తర్వాత తిండి పోయింది. అక్క కొర్రమట్ట చేపల పులుసు వండి పెడితే మెతుకులు కెలికి లేచేవాడు. తెల్లారకముందే లేచి గోడకు ఆనుకుని కూర్చునేవాడు కానీ చెరువుకు పోయేవాడు కాదు. తోటివాళ్ళు వచ్చి పిలిస్తే "మీరు పోండ్రి, నేనొస్త" అని అక్కడే ఉండిపోయేవాడు. మా అక్క శంకరమ్మ రోడ్డు పక్కన కూర్చుని చేపలు కోసి అమ్ముతుంది. మొగుడు పట్టుకురావడం మానేసరికి ఇంకొకరి దగ్గర కొని అమ్ముకోవడం మొదలుపెట్టింది.

"ఏమైతాంది బావా?" అని అడిగాను.

"కడుపుల మంట. తల బరువు. పొద్దుగాల ఒళ్ళు లేస్తలేదు."

ఆయన అబద్ధమాడలేదు. మనసు బాగాలేదని చెప్పుకోవడానికి మా ఇండ్లల్లో ఎవరికీ మాట రాదు. కడుపుకు, తలకు, నడుముకు మాత్రం మాటలున్నాయి. అందుకే వైద్యం కూడా వాటికే జరిగింది. ఊళ్ళో సూదులేసే ఆయన గ్లూకోజు ఎక్కించాడు. బావ వాళ్ళక్క సుక్కమ్మ గాలి సోకిందని తాయెత్తు తెచ్చి కట్టింది. రక్తం పరీక్షలు చేయిస్తే అన్నీ బాగున్నాయని వచ్చింది. అంతే, ఊరికి ఒక మాట దొరికింది. అన్నీ బాగుంటే మరి పనెందుకు చెయ్యడు, ఒళ్ళు బరువెక్కింది అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండనక వాననక ఇన్నేళ్ళు చెరువులో నానిన మనిషికి ఇప్పుడు కొత్తగా సోమరితనం పుట్టుకొచ్చిందా?

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. విసురువల ఒక్క చేతిది. దాన్ని అల్లుకున్నవాడే విసురుతాడు, ఆరేస్తాడు, చినిగితే కుట్టుకుంటాడు. వయసు ఉడిగాక కొడుకును పిలిచి చేతికిస్తాడు. ఆ రోజు ఇంట్లో కోడిని కోసి, తండ్రి తలకు కొత్త రుమాలు చుడతారు. ఇచ్చిన వలను తండ్రి మళ్ళీ తీసుకోకూడదు. కొడుకు చచ్చిపోతేనే వల తండ్రి దగ్గరికి తిరిగొస్తుందని మా వాళ్ళ నమ్మకం.

ఒక ఆదివారం బావ తలస్నానం చేసి, కొడుకు మల్లేష్‌ను పిలిచాడు. మల్లేష్ దూలపల్లిలో ఒక షెడ్డులో లేతు మిషను మీద పని చేస్తాడు, సెలవు రోజుల్లో చెరువుకు పోతాడు.

"పట్టు రా. ఇగ నువ్వే ఏసుకో" అని వల చేతిలో పెట్టాడు.

"నీకేం వయసైంది బాపు అప్పుడే?"

"నాతోని అయితలేదు బిడ్డా. నీ చేతుల ఉంటే మంచిగుంటది."

మేమంతా ఎంత సంబరపడ్డామో. మనిషి తన గౌరవం తాను నిలుపుకుని పక్కకు జరిగాడనుకున్నాం. సుక్కమ్మ వచ్చి రుమాలు చుట్టింది. అక్క రెండు కోళ్ళు కోసింది. బావ ఎన్నాళ్ళకో నవ్వాడు, అందరికీ తనే వడ్డించాడు. నా దగ్గరకొచ్చి "మాధవీ, మీ అక్కకు నోరెక్కువ గని మనసు మంచిది. జర జూసుకో" అన్నాడు.

"నువ్వున్నవ్ గద, నేనెందుకు?" అన్నాను ముక్క కొరుకుతూ. ఆయన ఇంకో ముక్క వేసి పోయాడు.

ఆ వారంలోనే మళ్ళీ కడుపులో మంటన్నాడు. నేను సెలవు పెట్టి, అక్కనూ బావనూ ఆటో ఎక్కించి మేడ్చల్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు కాగితాలన్నీ చూసి, బావ మొహం కాసేపు చూసి, చివరి గదిలో కూర్చున్న మేడం దగ్గరికి పంపించాడు. ఆమె పేరు శ్రీదివ్య. మాట తీరు ఆంధ్రా వైపుది. కడుపు నొక్కి చూస్తుందనుకున్నాం. ఆమె నిద్ర గురించి అడిగింది, ఆకలి గురించి అడిగింది, ఇదివరకు ఇష్టంగా చేసే పనులేమిటని అడిగింది. తాగుతాడా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా అని కూడా అడిగింది. అన్నిటికీ మా అక్కే జవాబు చెబుతోంది.

"ఈమధ్య ఆయనకిష్టమైన వస్తువేదైనా ఎవరికైనా ఇచ్చేశారా?"

"ఇచ్చిండు మేడం. వల ఇచ్చిండు కొడుక్కి. మంచిగ దావతు జేసినం" అంది అక్క గర్వంగా.

మేడం రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. కుర్చీ బావ దగ్గరికి జరుపుకుంది.

"గాలయ్యగారూ, చచ్చిపోదామని అనిపిస్తోందా మీకు?"

అక్క గయ్యిమంది. "గవేం మాటలు మేడం? మంచిగున్న మనిషికి లేనిపోనియి తలకెక్కిస్తున్నవ్."

"అడిగినంత మాత్రాన రాదమ్మా. లోపల ఉంటే బయటికొస్తుంది. ఆయన్ని చెప్పనివ్వండి."

బావ తన కాళ్ళకేసి చూసుకుంటూ చెప్పాడు.

"ఔ మేడం. వల ఇచ్చినంక జర నిమ్మలమైంది. ఇగ చెరువుల వడి పోవచ్చు అనిపిస్తాంది."

అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆయన బతికుండగానే ఆయన దినాల భోజనం మేం తిన్నాం. ఆయనే వడ్డించాడు. నేను ఇంకో ముక్క కూడా వేయించుకున్నాను.

మేడం మెల్లగా విడమర్చి చెప్పింది. దీన్ని డిప్రెషన్ అంటారట. రక్తంలో, థైరాయిడ్‌లో తేడా ఉన్నా ఇలాగే ఉంటుంది కాబట్టి ముందు అవి చూస్తారట, బావకు అవి బాగానే ఉన్నాయి. "ఇది బద్ధకం కాదు, గాలీ కాదు. నెలల తరబడి నిద్ర, ఆకలి, ఆశ, ఇష్టం అన్నీ పోయాయి. షుగరు లాగే ఇదీ జబ్బే, మందుంది. అయితే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ముందు నోరెండుతుంది, వికారంగా ఉంటుంది. భయపడి ఆపకండి. బాగయ్యాక కూడా నెలల తరబడి వాడాలి. మందులు మీ దగ్గర పెట్టుకోండి. ఆయన్ని ఒంటరిగా వదలకండి." అప్పటికప్పుడు పట్నంలో పెద్దాసుపత్రికి రాసిచ్చింది.

కొన్నాళ్ళు అక్కడుంచుకుని పంపించారు. వచ్చేసరికి ఊళ్ళో ఇంకో మాట తయారుగా ఉంది. "ఎర్రగడ్డ పిచ్చి దవాఖాన కేసంట." పిచ్చి గోళీలన్నారు, అలవాటైతే చచ్చేదాకా మింగాలన్నారు. ఒకడు నా మొహం మీదే అంటే, నేను రోజూ డబ్బాలో పెట్టే గోళీలన్నీ నీ నోట్లో పోస్తానన్నాను.

కానీ ఇంట్లో ఏం మారలేదు. గోళీలు పడుతూనే ఉన్నాయి, బావ గోడకు ఆనుకునే ఉన్నాడు. నిద్ర మాత్రం కొంచెం పట్టింది. అక్క ఓపిక పోయి, "ఏం ఫాయిదా లేదే, గోళీలు బంజేద్దాం" అని ఏడ్చింది. నేను అరిచాను, తర్వాత నేనూ ఏడ్చాను. ఎవరో ఒకరం ఆయన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళం. "దొంగోని లెక్క కావలి గాస్తున్రు నన్ను" అన్నాడోసారి. కోపంగా అన్నా బాగుండేది. గోడతో అన్నట్టు అన్నాడు.

మళ్ళీ చూపించినప్పుడు మేడం, "ఆయన చేతికి ఆయన పనే కొంచెం ఇవ్వండి. చిన్నదైనా సరే, రోజూ ఉండాలి" అంది. ఆయన పనంటే వలే కదా. మల్లేష్ తెచ్చి ముందు పెట్టాడు. బావ తేలు కుట్టినట్టు వెనక్కి జరిగాడు. సుక్కమ్మ గుమ్మంలోనే అరిచింది. "తిరిగిస్తవా? నువ్వు సస్తెనే రా గది వాపసు వచ్చేది. మీ బాపు పానం గాపాడబోయి నీ పానం దీసుకుంటవా?" బావ మొహం పాలిపోయింది. కొడుకుకు కీడు జరుగుతుందన్న భయం ఒకటి కొత్తగా పట్టుకుంది. ఆ రోజు అన్నం కూడా ముట్టలేదు.

తర్వాతి ఆదివారం మల్లేష్ చెరువు నుంచి వచ్చి, వలను తండ్రి ఒళ్ళో పడేశాడు.

"చినిగింది బాపు. నాకు కుట్టుడు రాదు. కుట్టియ్యి, నా వల నేను దీస్కపోత."

అందరం సుక్కమ్మ వైపు చూశాం. ఆమె వల అంచు ఎత్తి చిరుగు చూసింది. "కుట్టుడంటే దీసుకునుడు గాదు. వల మల్లేష్‌దే" అంది చివరికి.

వల బావ ఒళ్ళో రోజుల తరబడి అలాగే ఉంది. పొద్దున అక్క పెట్టేది, సాయంత్రం తీసేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఒక ముడి వేసి ఉంది. ఒక్కటే. అక్క నాకు చూపించి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మరో రోజుకు ఇంకొన్ని పడ్డాయి. అలా ఆ చిరుగు పూడింది. మల్లేష్ వల తీసుకుపోయాడు, వారం తిరిగేసరికి మళ్ళీ చినిగిందని తెచ్చాడు. ఆపైన మళ్ళీ. ఏం రాళ్ళున్నాయిరా ఆ చెరువులో అనుకున్నాను. ఒకనాడు కొట్టం వెనక బ్లేడుతో వలను కోస్తూ నాకు దొరికిపోయాడు.

"నోరు మూసుకో చిన్నమ్మా" అన్నాడు, కళ్ళెత్తకుండా. జీవితంలో మొదటిసారి నేను నోరు మూసుకున్నాను.

మొన్నొక ఆదివారం పొద్దున నేను అక్కతో చిక్కుడుకాయలు తుంచుతున్నాను. బావ చిరుగును వేళ్ళ మీద పరిచి చూస్తున్నాడు. మల్లేష్ అప్పుడే చెరువు నుంచి వచ్చాడు.

"మల్లేషూ. రాయికి తట్టితే పోగు సాగుతది. గిది నువ్వు కోసినవ్ గద."

మల్లేష్ తల వంచుకున్నాడు. అక్క చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళ మా నాటకం బయటపడింది, ఇక వలను ముట్టడని నేను భయపడ్డాను.

బావ సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు.

"రేపు జర పెద్దగ కొయ్యి రా. గిది పగటి బువ్వ యాళ్ళకే అయిపోతాంది. అయిపోతే మల్ల నాకు చెరువు యాదికొస్తాంది."

"సరే బాపు" అన్నాడు మల్లేష్.