లీటరుకు పదిహేను, అవ్వకు నాలుగడుగులు

కొత్తగా జీతం అందుకునే వయసులో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి పడుతుంది. మేడ్చల్‌లో మందుల ఫ్యాక్టరీలో చేరిన ఆ రోజుల్లో నాది మైలేజీ పిచ్చి. ఏ బండి కనబడినా "ఎంతిస్తది?" అని అడిగేవాణ్ణి (ఒకసారి పెళ్ళి ఊరేగింపు కారు డ్రైవర్నీ అడిగాను, పెళ్ళికొడుకు చూసిన చూపు ఇంకా గుర్తుంది). అలాంటివాడి మీద ఇంట్లో ఒక పెద్ద పని పడింది. మా అవ్వకు నడుము నొప్పి, అరగంట కుదురుగా కూర్చోలేదు. బస్సెక్కడం మానేసి ఏళ్ళయింది. బాసర పోయి గోదావరిని చూడాలని మాత్రం గట్టి కోరిక. పడుకుని పోయే పాత వ్యాను ఒకటి కొంటే ఆమె కోరికా తీరుతుంది, సెలవుల్లో మేమూ తిరగొచ్చని నేనూ చెల్లీ అనుకున్నాం.

హైవే పక్కన పాత బండ్లమ్మే సేటు దగ్గర రెండు దొరికాయి. రెండింట్లోనూ వెనక సీట్లు తీసేసి పరుపు, చిన్న స్టవ్ అమర్చి ఉన్నాయి. పెద్దది లీటరుకు ఎనిమిది, చిన్నది పదిహేను ఇస్తుందన్నాడు సేటు. ఉత్త మాట నమ్మే రకాన్నా నేను? ట్యాంకు నిండా పోయించి, శామీర్‌పేట మీదుగా లాల్‌గడి మలక్‌పేట దాకా పోయొచ్చి, మళ్ళీ నింపి చూశాను. పెద్దదాన్ని చెల్లినీ, నీళ్ళ క్యాన్లనూ ఎక్కించుకుని నడిపాను. చిన్నదాన్ని మాత్రం ఒక్కణ్ణే, నడి ఎండలో ఏసీ ఆపేసి, ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తూ నడిపాను. పదిహేడొచ్చింది. దాంట్లో పరుపు నాలుగడుగులే ఉంది, అవ్వను ఒకసారి పడుకోబెట్టి చూద్దామని చెల్లి రెండుసార్లు చెప్పింది. కాళ్ళు ముడుచుకుంటే సరిపోతుందని చెప్పి చిన్నదే కొన్నాను (ముడుచుకోవాల్సిన కాళ్ళు నావి కావు కదా).

బాసరకు ముందు అలవాటుకని, ఆదివారం పొద్దున అవ్వను శామీర్‌పేట చెరువు దాకా తీసుకుపోయాం. మా ఇంటిల్లిపాదిలోనూ అవ్వే పొడుగు. ఎటు ఒత్తిగిల్లినా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. నేను ముందు కూర్చుని మైలేజీ గొప్పలు చెబుతూనే ఉన్నాను. చెరువు దగ్గర అవ్వ ఆపమంది. చెల్లి చెయ్యి పట్టుకుని దిగి, నడుము మీద చెయ్యేసుకుని చాలాసేపు నిలబడింది. తిట్టలేదు.

"బండి ఎంత తాగుతదో మంచిగనే సూసినవ్ బిడ్డా. నేనెంత పొడుగుంటనో సూడకపోతివి," అంది. చెల్లి భుజం పట్టుకుని మళ్ళీ బండెక్కుతూ, "బాసర మల్లెప్పుడన్న సూద్దాం తియ్," అంది.

ఆ రెండో మాటే నన్ను పట్టుకుంది. మర్నాడే సేటు దగ్గరకు పోయి, నష్టమైనా సరే పెద్ద బండికి మార్చుకున్నాను. సేటు నవ్వలేదు, అది అతని మంచితనం.

ఆ వారమే బాసర పోయాం. అవ్వ దారంతా బారుగా పడుకుని, కిటికీలోంచి మబ్బుల్నీ లారీల్నీ చూస్తూ, మధ్యలో కాస్త నిద్ర కూడా పోయింది. గోదావరి కనబడ్డాక లేచి, బండి తలుపు దగ్గర కూర్చుని కాళ్ళు చాపుకుంది. అప్పుడు చెల్లి తీసిన ఫోటో నా దగ్గరుంది. అవ్వ నా వైపు తిరిగి ఏదో చెప్పబోతోంది. పక్కన నేను ఫోన్లో తల దూర్చి, దారిలో ఎంత తాగిందో లెక్క చూసుకుంటున్నాను. ఆ కుర్రాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. ఫోను జేబులో పెట్టరా, అవ్వ పిలుస్తోంది అని చెప్పాలనీ అనిపిస్తుంది.